గాల్లో పడిపోతున్న ఎఫ్450 డ్రోన్: పీఐడీ పక్కన పెట్టి ముందు ఐదు వోల్టుల సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నాలుగు మోటార్ల డ్రోన్ (క్వాడ్), ఎఫ్450 ఫ్రేమ్, దాన్ని నడిపే పిక్స్‌హాక్ 2.4.8 బోర్డు మీద ఆర్డుకాప్టర్ సాఫ్ట్‌వేర్, ఏ2212 1000 కేవీ మోటార్లు, 30 ఆంప్ ఈఎస్‌సీలు (మోటార్ల వేగాన్ని నడిపే సర్క్యూట్లు), 1045 ప్రొపెల్లర్లు, 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. మొదటి రెండు నిమిషాలు బాగానే ఎగురుతుంది. తర్వాత థ్రాటిల్ పెంచితే ఒరిగి పడిపోతుంది. ఒకసారి పడుతున్నప్పుడు బోర్డు స్టార్టింగ్ మ్యూజిక్ వినిపించింది. ‘చెక్ బోర్డ్ వోల్టేజ్’ అని ఎర్రర్ ఇచ్చి ఆర్మ్ కాకపోతే (మోటార్లు తిప్పడానికి బోర్డు ఒప్పుకోకపోతే) ఎగిరే ముందు బోర్డు చేసే ఆర్మింగ్ చెక్స్ సున్నా చేసేశారు. సీనియర్లు పీఐడీ (క్వాడ్‌ని నిలకడగా ఉంచే పీ, ఐ, డీ సెట్టింగులు) ట్యూన్ చేయమన్నారని రోల్ (పక్కలకి ఒరగడం), పిచ్ (ముందుకీ వెనక్కీ వంగడం) పీ విలువలు మార్చి చూస్తున్నారు, తేడా లేదు.

సూటిగా జవాబు: ఇది పీఐడీ గొడవ కాదు. కనీసం ఆ మ్యూజిక్ వినిపించిన సారి బోర్డుకి వెళ్లే ఐదు వోల్టుల సప్లై గాల్లో తెగిపోయింది. మిగతా సార్లు అదే కావచ్చు, బ్యాటరీ చేతులెత్తేయడం కావచ్చు, ఒక మోటార్ ఆగిపోవడం కావచ్చు. ఆ మూడింట్లో ఏదన్నది బోర్డులో రికార్డయ్యే ఫ్లైట్ లాగ్ చెబుతుంది. అది తేలేదాకా పీఐడీ విలువలన్నీ డిఫాల్ట్‌కి తెచ్చి పెట్టండి (రోల్, పిచ్ రేట్ పీ 0.135, డీ 0.0036). ఎఫ్450 సైజు ఫ్రేమ్ డిఫాల్ట్ విలువలతో చక్కగానే ఎగురుతుంది.

పీఐడీ కాదని అంత ధైర్యంగా ఎందుకు అంటున్నానంటే, పీఐడీ తప్పుగా ఉంటే నేల వదిలిన క్షణం నుంచే తెలిసిపోతుంది. పీ ఎక్కువైతే ఫ్రేమ్ చేతులు గబగబా వణుకుతాయి, డీ ఎక్కువైతే మోటార్లు గరగరమని వేడెక్కుతాయి, తక్కువైతే బద్ధకంగా ఊగుతుంది. రెండు నిమిషాలు బుద్ధిగా ఎగిరి ఆ తర్వాత పడిపోయేదానికి కారణం సెట్టింగ్‌లో ఉండటం చాలా అరుదు. రెండు నిమిషాల్లో మారేవి రెండే: వేడి, బ్యాటరీ వోల్టేజ్. సెట్టింగులు మారవు కదా!

ఇంకో మాట. బోర్డ్ వోల్టేజ్ అని ఎర్రర్ ఇచ్చినప్పుడు బోర్డు మీకు రోగం పేరు చెప్పేసింది. ఐదు వోల్టుల లైను 4.3 నుంచి 5.8 మధ్య లేకపోతే ఆ ఎర్రర్ వస్తుంది. మీరు చెక్స్ ఆపేసి ఎగరేశారు. ఇది చాలా కాలేజీల్లో చూస్తున్నాను, యూట్యూబ్ వీడియోల్లో కూడా ‘ఆర్మ్ కాకపోతే ఇది సున్నా పెట్టండి’ అని ధైర్యంగా చెబుతారు. దాన్ని వెంటనే మళ్లీ 1 చేయండి. ఆర్మ్ కాకపోతే ఎందుకు కావట్లేదో కంప్యూటర్‌లో వాడే మిషన్ ప్లానర్ సాఫ్ట్‌వేర్ మెసేజెస్ ట్యాబ్‌లో రాసి ఉంటుంది, అది చదివి సరిచేయడమే దారి.

ముందు లాగ్ తీయండి

బోర్డులో ఉన్న మెమరీ కార్డు నుంచి పడిపోయిన ఫ్లైట్ తాలూకు బిన్ ఫైల్ తీసి మిషన్ ప్లానర్‌లో తెరవండి. మొదట చూడాల్సింది గ్రాఫ్ ఎక్కడ ఆగింది అన్నది. ఎత్తు పది మీటర్లు చూపిస్తూ ఉండగానే లాగ్ కత్తిరించినట్టు ఆగిపోతే బోర్డుకి కరెంటు పోయిందని అర్థం, ఇంకేమీ వెతకక్కర్లేదు. ఇందులో నాలుగు మోటార్లూ ఒకేసారి ఆగుతాయి. వీడియో ఉంటే చూడండి, ఒరిగి తిరగబడటం కాకుండా ఉన్న పొజిషన్‌లోనే కిందికి వస్తుంది. బోర్డు మళ్లీ బూట్ అయినా అప్పటికి డిస్‌ఆర్మ్ అయి ఉంటుంది కాబట్టి థ్రాటిల్ ఎంత లేపినా లాభం లేదు.

లాగ్ నేల తాకేదాకా ఉంటే కథ వేరు. అప్పుడు లాగ్‌లో ఏటీటీ అనే మెసేజ్ కింద కోరిన రోల్, అసలు రోల్ రెండూ ఒకే గ్రాఫ్‌లో వేయండి. అంతవరకూ అతుక్కుని నడిచిన రెండు గీతలు ఒక్కసారిగా విడిపోతే, అదే క్షణంలో ఆర్‌సీఓయూ అనే మెసేజ్ కింద నాలుగు మోటార్ల అవుట్‌పుట్ చూడండి. ఒక్కటి మాత్రం 1900 దాటి పైకి పోయి, దాని ఎదురు మూల ఉన్నది కిందికి పడిపోతే, పైకి పోయిన మోటార్ తిరగడం లేదన్నమాట. బోర్డు దాన్ని తిప్పమని గొంతు చించుకుంటోంది, అది వినట్లేదు. కొత్త వెర్షన్లలో ‘పొటెన్షియల్ థ్రస్ట్ లాస్ (3)’ లాంటి మెసేజ్ కూడా వస్తుంది. ఆ బ్రాకెట్‌లోది మోటార్ నంబర్.

ఇక్కడ చాలామంది తికమక పడతారు కాబట్టి చెబుతున్నాను. క్వాడ్ ఎక్స్ అమరికలో మోటార్ 1 ముందు కుడి, 2 వెనక ఎడమ, 3 ముందు ఎడమ, 4 వెనక కుడి. కానీ మిషన్ ప్లానర్ మోటార్ టెస్ట్‌లో ఉండే ఏ, బీ, సీ, డీ బటన్లు ముందు కుడి నుంచి గడియారం దిశలో వెళ్తాయి. అంటే బీ నొక్కితే తిరగాల్సింది 2 కాదు, 4. బీ నొక్కితే వెనక కుడిది తిరిగిందని వైర్లు మార్చేసి, ఆర్మ్ చేయగానే పల్టీ కొట్టించిన వాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు.

మూడో రకం: నాలుగు అవుట్‌పుట్లూ కలిసి పైకి పోతున్నాయి, బ్యాటరీ వోల్టేజ్ కిందికి జారుతోంది, అయినా క్వాడ్ దిగిపోతోంది. అది బ్యాటరీ. మోటార్లన్నీ సీలింగ్ దగ్గర ఉన్నప్పుడు బ్యాలెన్స్ చేయడానికి బోర్డు దగ్గర మిగిలే శక్తి ఉండదు, అందుకే కొంచెం గాలి తగిలినా ఒక పక్కకి ఒరుగుతుంది.

ఐదు వోల్టుల లైను

మీ విషయంలో మొదటి అనుమానం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

లాగ్‌లో పవర్ మెసేజ్ కింద వీసీసీ (బోర్డుకి అందే ఐదు వోల్టుల కొలత) అని ఉంటుంది. అది ఎగిరినంతసేపూ దాదాపు సమంగా ఉండాలి. 0.10 నుంచి 0.15 వోల్ట్ ఊగిసలాట మామూలే. థ్రాటిల్ లేపినప్పుడల్లా 4.7, 4.6 అని గుంతలు పడుతుంటే సప్లై సరిపోవట్లేదు. గుంతలేమీ లేకుండా, బాగా ఉన్న లైను హఠాత్తుగా ఆగిపోతే ఎక్కడో కాంటాక్ట్ వదులైంది.

పవర్ మాడ్యూల్ (బ్యాటరీ వోల్టేజ్‌ని దించి బోర్డుకిచ్చే చిన్న సర్క్యూట్) నుంచి బోర్డుకి వెళ్లే ఆరు పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది చూడండి, నా అనుభవంలో ఈ రకం బిల్డుల్లో సగం రీబూట్లు అక్కడే. అందులో రెండు వైర్లు ఐదు వోల్టులు, రెండు గ్రౌండ్, మధ్యలో రెండు కరెంట్, వోల్టేజ్ కొలవడానికి. పదే పదే పీకి పెట్టడంతో లోపలి మెటల్ క్లిప్పులు వదులవుతాయి. బల్ల మీద బాగానే ఉంటుంది, నాలుగు మోటార్లు వణికించగానే క్షణంపాటు వదులుతుంది. బ్యాటరీ పెట్టి, ప్రొపెల్లర్లు తీసేసి, ఆ వైర్‌ని వేలితో అటూ ఇటూ కదపండి. మ్యూజిక్ వస్తే దొంగ దొరికాడు. కొత్త కేబుల్ వేయండి, వైర్ బరువు కనెక్టర్ మీద పడకుండా జిప్ టైతో ఫ్రేమ్‌కి కట్టండి.

ఈ టెస్ట్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కేబుల్ పెట్టకండి. పవర్ మాడ్యూల్ నుంచి సప్లై పోయినా పిక్స్‌హాక్ చడీచప్పుడు లేకుండా యూఎస్‌బీ మీదికి మారిపోతుంది. ‘ల్యాబ్‌లో గంటసేపు ఉంచినా రీబూట్ కాదు సార్, గ్రౌండ్‌లోనే అవుతుంది’ అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఇదే. టెలిమెట్రీ రేడియో (బోర్డు డేటాని వైర్ లేకుండా ల్యాప్‌టాప్‌కి పంపేది) ఉంటే దాంతో చూడండి, లేకపోతే చెవితో వినడం చాలు.

మల్టీమీటర్ పెట్టి 5.2 చూపించింది కాబట్టి సప్లై బాగుందనుకోకండి. మిల్లీ సెకన్లలో వచ్చి పోయే పతనాన్ని మీటర్ పట్టుకోలేదు. మీటర్ తక్కువ చూపిస్తే మాత్రం నమ్మండి.

తర్వాత ఆ ఐదు వోల్టుల మీద ఏమేం వేలాడదీశారో లెక్క రాయండి. రిసీవర్, జీపీఎస్, టెలిమెట్రీ వరకూ పర్వాలేదు. ఈ రకం పవర్ మాడ్యూల్ ఇచ్చేది 5.3 వోల్టులు, రెండు ఆంపియర్లు దాటి కొంచెం. క్లోన్లు అంత కూడా ఇస్తాయని నమ్మకం లేదు. ఒక ఫైనలియర్ టీమ్ ప్రాజెక్టులో పంట ఫోటోల కోసం రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టి, దానికి కరెంటు పిక్స్‌హాక్ టెలిమెట్రీ పోర్ట్ నుంచి ఇచ్చారు. కెమెరా ఆన్ చేయనంతవరకూ ఎగిరేది. ఆ రాస్ప్‌బెర్రీ పై ఒక్కదానికే 5 వోల్టులు 3 ఆంపియర్ల సప్లై అడుగుతారు. బ్యాటరీ నుంచి నేరుగా వేరే యూబెక్ (ఐదు వోల్టులిచ్చే విడి సర్క్యూట్) పెట్టి, గ్రౌండ్ మాత్రం కలిపితే సరిపోయింది. సర్వోలు, కెమెరాని నిలకడగా పట్టే గింబల్ కూడా అంతే, వాటికి వేరే సప్లై ఇవ్వండి.

ఈఎస్‌సీ లోపలి బెక్ (ఐదు వోల్టులిచ్చే సర్క్యూట్) సప్లై సిగ్నల్ కేబుల్ ఎర్ర వైర్‌లోనే వస్తుంది. పవర్ మాడ్యూల్ ఉండి, ఆ ఎర్ర వైర్లు నాలుగూ అలాగే పెట్టేసి ఉంటే ప్లాస్టిక్ హౌసింగ్ నుంచి ఎర్ర పిన్ను బయటికి లాగి టేప్ చుట్టండి. సిగ్నల్, గ్రౌండ్ మాత్రం ఉండాలి. చవక ఈఎస్‌సీల్లో ఉండే బెక్ లీనియర్ రకం. 12 వోల్టుల్ని ఐదుకి దించడానికి మిగతా ఏడు వోల్టుల్నీ వేడిగా ఖర్చు చేస్తుంది. ఒక్క ఆంపియర్ లాగినా ఏడు వాట్లు. అంత చిన్న చిప్ మన ఎండల్లో రెండు మూడు నిమిషాలకి వేడెక్కి కట్ అయిపోవడంలో వింతేమీ లేదు. పవర్ మాడ్యూల్ లేకుండా, బెక్ మీదే నడుపుతుంటే మీ ‘రెండు నిమిషాల’ రహస్యం బహుశా ఇదే. మీ పోస్టులో పవర్ మాడ్యూల్ మాట లేదు, అది చెప్పండి.

బ్యాటరీ లెక్క

బోరు మోటారు వేయగానే ఇంట్లో లైట్లు డిమ్ అయినట్టు, థ్రాటిల్ లేపగానే లైపో వోల్టేజ్ కూడా కుంగుతుంది. ఎంత కుంగుతుందన్నది లోపలి రెసిస్టెన్స్ మీద ఉంటుంది. లెక్క తేలిక. మీ నాలుగు మోటార్లు 1045లతో గట్టిగా లాగితే 40 ఆంపియర్లు అనుకుందాం. కొత్త ప్యాక్‌లో సెల్‌కి 10 మిల్లీ ఓమ్ ఉంటే మూడు సెల్స్‌కి 30. 40 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు పోతాయి, తట్టుకోవచ్చు. అదే పాత ప్యాక్‌లో సెల్‌కి 30 మిల్లీ ఓమ్ అయితే 3.6 వోల్టులు! పన్నెండు వోల్టుల ప్యాక్ ఆ క్షణంలో 8.4కి పడుతుంది. దింపాక మీటర్ పెడితే మళ్లీ 11.5 చూపిస్తుంది, ‘బ్యాటరీ బాగానే ఉంది’ అనేస్తారు. ఖాళీగా కొలిచిన వోల్టేజ్‌తో లైపో ఆరోగ్యం తెలియదు. ఐఆర్ (లోపలి రెసిస్టెన్స్) చూపించే ఛార్జర్ ఎవరి దగ్గరైనా ఉంటే సెల్ సెల్‌కీ చూడండి. ఒక సెల్ మిగతా రెండింటికీ బాగా ఎడంగా ఉంటే ఆ ప్యాక్‌ని పక్కన పెట్టేయడమే.

లేబుల్ మీద 25సీ అంటే 2200 ఎంఏహెచ్‌కి 25 రెట్లు, అంటే 55 ఆంపియర్లు. ఆ సంఖ్యని నేనైతే సగానికి నమ్ముతాను. ఫుల్ ఛార్జ్‌లో నెలల తరబడి ఉంచేసిన ప్యాక్ అయితే అదీ లేదు. సెల్‌కి 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టడం అలవాటు చేసుకోండి. ఉబ్బినదాన్ని ఎగరేయొద్దు, ఛార్జ్ కూడా పెట్టొద్దు. మే నెలలో కారు డాష్‌బోర్డ్ మీద లైపో పెట్టి గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లని చూస్తుంటాను, నాకున్న టెన్షన్ వాళ్లకి లేదు.

బరువు కూడా చూడండి. లాగ్ నుంచో పారామీటర్ల నుంచో ‘మోట్ థ్రస్ట్ హోవర్’ విలువ చూస్తే గాల్లో నిలబడటానికే ఎంత థ్రాటిల్ కావాలో తెలుస్తుంది. 0.3, 0.4 హాయి. 0.6 దాటితే ఆ మోటార్లకి ఆ బరువు ఎక్కువ, బ్యాటరీ సగం అయ్యేసరికి మిగులు ఉండదు. పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువసేపు ఎగురుతుందని 5200 ఎంఏహెచ్ కట్టేవాళ్లు ఉంటారు. ఏ2212లతో అది మోటార్లు వేడెక్కడానికే పనికొస్తుంది.

సోల్డర్, స్క్రూలు, నట్లు

ఎఫ్450 కింది ప్లేటే పవర్ బోర్డు. దాని రాగి ప్యాడ్లు పెద్దవి, వేడిని లాగేస్తాయి. 25 వాట్ల ఐరన్‌తో వేస్తే పైకి మెరుస్తుంది కానీ లోపల డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని జాయింట్). 60 వాట్లది తీసుకోండి, కోఠిలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. ఎగిరి దిగిన వెంటనే బ్యాటరీ పీకేసి ప్రతి జాయింట్‌నీ, ఎక్స్‌టీ60 కనెక్టర్‌నీ, మోటార్ బుల్లెట్ కనెక్టర్లనీ వేలితో ముట్టుకోండి. మిగతావాటికంటే ఏది ఎక్కువ కాలుతుందో అక్కడే వోల్టేజ్ పోతోంది. ఖర్చు లేని టెస్ట్, నాకు ఇంతకంటే నమ్మకమైనది లేదు.

ఒకే మోటార్ మొండికేస్తుంటే దాన్ని విప్పి కింది స్క్రూలు చూడండి. పొడవు ఎక్కువైన ఎం3 స్క్రూ మోటార్ వైండింగ్‌కి తగిలి ఎనామెల్ గీకేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, వేడెక్కాక షార్ట్ అవుతుంది, తనతో పాటు ఈఎస్‌సీని కూడా తీసుకుపోతుంది. తర్వాత ప్రొపెల్లర్ పట్టుకునే కొల్లెట్: నట్టు బిగి సరిపోకపోతే మోటార్ తిరుగుతూనే ఉంటుంది, ప్రొపెల్లర్ జారుతుంది. షాఫ్ట్ మీదా అడాప్టర్ మీదా మార్కర్‌తో ఒక గీత పెట్టి, ఎగిరాక గీతలు కలుస్తున్నాయో లేదో చూస్తే చాలు. ఏ కోణంలో చూసినా ఈఎస్‌సీయే అనిపిస్తే దాన్ని పక్క చేతి ఈఎస్‌సీతో మార్చండి. సమస్య ఈఎస్‌సీతో పాటు వెళ్తే తప్పు ఈఎస్‌సీది, ఉన్నచోటే ఉంటే మోటార్‌ది.

ఇప్పుడు సెట్టింగులు

పవర్ శుభ్రపడ్డాకే వీటి జోలికి రండి. ‘బ్యాట్ మానిటర్’ 4 పెట్టి, మల్టీమీటర్‌తో ప్యాక్ వోల్టేజ్ కొలిచి మిషన్ ప్లానర్‌లో ఆ సంఖ్య ఎక్కించండి. ఇది కాలిబ్రేట్ చేయకుండా కింది రెండూ పెడితే మేలు కంటే కీడే ఎక్కువ. ‘మోట్ బ్యాట్ వోల్ట్ మ్యాక్స్’ 12.6, ‘మిన్’ 9.9. వీటితో బ్యాటరీ దిగుతున్నకొద్దీ బోర్డు దానికి తగ్గట్టు గెయిన్‌ని సర్దుకుంటుంది, చివరి నిమిషాల్లో వదులుగా అనిపించడం తగ్గుతుంది.

బ్యాటరీ ఫెయిల్‌సేఫ్‌లో తక్కువ వోల్టేజ్ 10.5, చర్య ‘ల్యాండ్’. దీనికి పది సెకన్ల టైమర్ ఉంటుంది, అంతసేపూ కిందే ఉంటేనే పనిచేస్తుంది. కాబట్టి ఒక్కసారి థ్రాటిల్ లేపితే వచ్చే కుంగుడుకి భయపడి ఈ విలువని 9కి దించేయకండి.

ఈఎస్‌సీ కాలిబ్రేషన్ నాలుగూ ఒకేసారి, ప్రొపెల్లర్లు తీసి చేయండి. ఆర్మ్ చేసినప్పుడు ఒక మోటార్ ఆలస్యంగా మొదలైతే అది సరిగ్గా కాలేదని గుర్తు. వైబ్రేషన్ కూడా ఒకసారి చూడండి. లాగ్‌లో వైబ్ విలువలు 30 లోపు ఉంటే మంచిది, 60 దాటితే ఆల్టిట్యూడ్ హోల్డ్‌లో (ఎత్తుని బోర్డే నిలిపే మోడ్) దానంతట అదే పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. పడిపోయిన క్వాడ్‌లో ఒక్క ప్రొపెల్లర్ అంచు చిట్లినా ఇది పెరుగుతుంది, ఇరవై ముప్పై రూపాయలకి పీనాసితనం చేయకండి.

ఎగరేయకుండానే లోడ్ పరీక్షించాలంటే, ప్రొపెల్లర్లని తిరగేసి ఒక్కో స్థానం పక్కకి జరిపి పెట్టండి. అప్పుడు థ్రాటిల్ ఇస్తే క్వాడ్ పైకి లేవకుండా నేలకే అదుముకుంటుంది. కంపాస్‌మాట్ పరీక్షకి ఇదే పద్ధతి, అందులోనే మోటార్ కరెంటు కంపాస్‌ని ఎంత చెడగొడుతోందో కూడా తెలుస్తుంది: 30 శాతం లోపు ఫర్వాలేదు, 60 దాటితే జీపీఎస్ స్తంభం ఎత్తు పెంచాలి, బ్యాటరీ వైర్లు దూరంగా జరపాలి. తాడుతో కట్టి, నాలుగడుగుల దూరం కాదు, బాగా దూరంగా నిలబడి చేయండి. ఐదు పది సెకన్లు 60, 70 శాతం థ్రాటిల్ ఇచ్చి వీసీసీ, బ్యాటరీ వోల్టేజ్ రెండూ చూస్తే మీ సమస్య నేల మీదే బయటపడే అవకాశం ఎక్కువ.

తర్వాత ఎగరేసేటప్పుడు కాలేజీ గ్రౌండ్‌లో జనం లేని వేళ చూసుకోండి, మనిషి ఎత్తు దాటించకండి. మీ క్వాడ్ 250 గ్రాములు దాటింది కాబట్టి 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మైక్రో తరగతిలోకి వస్తుంది. విమానాశ్రయం దగ్గర్లో ఉంటే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూడండి.

పవర్ మాడ్యూల్ ఉందా లేదా, ఎర్ర వైర్లు ఎలా ఉన్నాయి, మొత్తం బరువెంత, ఈ మూడూ రాసి, పడిపోయిన రోజు బిన్ ఫైల్ పెట్టండి. వీసీసీ, బ్యాటరీ వోల్టేజ్, ఆర్‌సీఓయూ నాలుగు గీతలు చూస్తే మూడు రకాల్లో ఏదో చెప్పేస్తాను. ఆ ఒక్క ఫ్లైట్ లాగ్ లేకపోతే ప్రొపెల్లర్లు తిరగేసి చేసిన లోడ్ పరీక్ష లాగ్ అయినా సరే.